చీలమండ మీద చెయ్యి

మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వారంలో ఆరు రోజులు మనుషుల ఎముకలు చాలవన్నట్టు ఆదివారం పాముల ఫొటోలు తీస్తాడు. అదీ నిలబడి కాదు, మూరెడు లెన్స్ నేలకానించి దాని వెనక బోర్లా పడుకుని. పాము కన్నూ తన కన్నూ ఒకే ఎత్తులో ఉంటేనే అది ఫొటో అట. ఈ పిచ్చికి మందు లేదు.

లెన్స్‌లో చూసేవాడికి పక్కన ఏముందో తెలియదు. అందుకే నేను వెనక కూర్చుని ఆయన చీలమండ పట్టుకోవాలి. నొక్కానంటే పాము దగ్గరికొచ్చినట్టు. కదలకూడదు, అది పోయాక ఆ రోజుకి సర్దేయాలి. అదీ మా ఒప్పందం. గత నెల ఎండకు తల మాడిపోతుంటే ఒకసారి ఊరికే నొక్కాను. పాపం, నిజమనుకుని బిగుసుకుపోయి, తర్వాత సంచీ సర్దాడు. నాకు రుచి మరిగింది. ఇంకో రెండుసార్లు నొక్కాను. మూడోసారి వెనక్కి తిరిగి నా మొహం చూసి, అప్పుడు సంచీ సర్దాడు.

పోయిన ఆదివారం రాళ్ళగుట్ట దగ్గర ముప్పై అడుగుల దూరంలో పాము కనిపించింది. కాటేస్తే మనిషి గంట కూడా బతకని రకం. అది మెల్లగా మావైపే రాసాగింది. బొమ్మ మసకబారిందని ఆయన రింగు తిప్పుతూ విసుక్కుంటున్నాడు. పది అడుగుల లోపలికొచ్చినదేదీ ఆ లెన్స్‌కు ఆనదు. ఆయనకు తెలియనిదా? ఆ ధ్యాసలో మరిచిపోయాడు.

నొక్కాను. కాలు విదిలించాడు. గోళ్ళు దిగేలా నొక్కాను.

"ఎండగా ఉంటే చెట్టుకిందకెళ్ళి కూర్చో," అన్నాడు తల తిప్పకుండా.

పాము ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఆయనేమో ఆ మోచెయ్యే ఎత్తి సర్దుకోబోతున్నాడు.

"ఆ మూడుసార్లూ అబద్ధమే," అన్నాను. "ఇది కాదు. మీ ఎడమ మోచెయ్యి పక్కనే ఉంది. కదలకండి, చచ్చిపోతారు."

లేచిన మోచెయ్యి అలాగే ఆగిపోయింది. పాము నాలుక ఆడిస్తూ ఆ మోచేతి కిందనుంచే తీరిగ్గా, తోకదాకా దూరి గడ్డిలోకి పోయింది.

దారంతా ఆయన నాకు పదడుగుల ముందే నడిచాడు. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి నా గోళ్ళ గాట్లకు తనే మందు రాసుకున్నాడు.

ఇవాళ మళ్ళీ ఆదివారం. పొద్దున్నే ఆయన సంచీ తీస్తే నేనూ బూట్లు వేసుకున్నాను.

"నువ్వు రావద్దులే," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు నొక్కితే నిజమా కాదా అని ఆలోచిస్తాను. ఆలోచించేలోపే అయిపోతుంది."

తప్పు నాదే. ఏమని అడ్డుపడను? ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం రెండయింది. ఇంకా ఫోను రాలేదు.