రేణుక ఎంచుకున్న ప్రాసెసర్

మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ అనే పల్లెలో రేణుక పెళ్లి ఆల్బంలు డిజైన్ చేస్తుంది. మొయినాబాద్‌లో ఒక ఫొటో స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసి, అది మూతపడ్డాక ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టింది. అక్కడినుంచి తెచ్చుకున్న పాత కంప్యూటర్ ఈ వానాకాలం పిడుగుకు కాలిపోయింది. అప్పుడు చేస్తున్న ఆలూరు పెళ్లివాళ్ల ఆల్బం పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి దక్కింది.

కొత్తది తయారు చేయించుకుందామని భర్త బాలరాజ్‌తో కలిసి హైదరాబాద్ బస్సెక్కింది. బాలరాజ్ చేవెళ్ల రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. అడ్డాలో అందరినీ అడిగి, లోపల ఇంటెల్ ప్రాసెసరే ఉండాలని ముందే తేల్చుకున్నాడు. కంప్యూటర్ షాపాయన ప్రేమ్‌చంద్ మాత్రం ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ కూడా చూడమన్నాడు.

"నలుగురు ఇంటెల్ అంటుండ్రు. మనకెందుకు వేరేది?" అన్నాడు బాలరాజ్.

"గా నలుగురు వచ్చి నా కుర్సీల కూసుంటరా? జర నన్ను సూడనీ," అంది రేణుక.

అనైతే అంది గానీ ఇలా ఎంచుకోవడం ఆమెకు కొత్త. స్టూడియోలో ఏ మిషన్ ఇస్తే దానిమీదే చేసింది. నీకేది కావాలని ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదు. పెన్‌డ్రైవ్ తీసి, ఆలూరు ఆల్బంను ఇంటెల్‌ది, ఏఎండీది రెండు కంప్యూటర్లలోనూ పెట్టించి చూసింది. రెండిట్లోనూ చకచకా తెరుచుకుంది.

"మరి తేడా ఏమున్నది అన్నా?"

"నీ పనికి రెండూ మంచియేనమ్మా. వీడియో ఎడిటింగ్ ఎక్కువుంటే ఇంటెల్ తీసుకో. ఫొటోలే అయితే ఈ ఏఎండీ చాలు. రేపు పని పెరిగితే లోపలి మదర్‌బోర్డు గట్లనే ఉంచి ప్రాసెసర్ ఒక్కటి మార్చుకోవచ్చు."

రేణుక ఏఎండీ ఉన్న కంప్యూటర్ వైపు చెయ్యి చూపింది. "నాయి ఫొటోలే. ఏఎండీ పెట్టు."

తిరుగు బస్సులో బాలరాజ్ కంప్యూటర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"కోపమొచ్చిందా?" అని రేణుకే అడిగింది.

"కోపం కాదే. ఆటో కొన్ననాడు నేను నిన్ను అడిగిన్నా? నా బండి, నా ఇష్టం అన్న. నీ మిషన్‌కాడ నేనెందుకు అడ్డమొచ్చిన అని సోంచాయిస్తున్న."

బరువుగా ఉందేమోనని రేణుక డబ్బా తనకిమ్మని అడిగింది. అతడు ఇవ్వలేదు.

మర్నాడు ఆలూరు పెళ్లికూతురు వచ్చి కొత్త కంప్యూటర్ ముందు రేణుక పక్కనే కూర్చుంది. "అక్కా, మా అవ్వ ఫొటో పెద్దగ పెట్టు" అంటుంటే రేణుక అప్పటికప్పుడే మార్చి చూపించింది. మధ్యాహ్నం ఆటో ఆపి వచ్చిన బాలరాజ్ గడపలోనే నిలబడి కాసేపు చూశాడు. తర్వాత ముగ్గురికీ ఛాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.