ఎవరికీ వినపడని నాయిస్

పందొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే మా బస్సు దారిలో ఆగిపోయింది. ఇంజను వేడెక్కితే డ్రైవరు నీళ్ళకు పోయాడు. చుట్టూ పత్తి తీసేసిన నల్లరేగడి పొలాలు. గాలి లేదు, పిట్ట అరుపైనా లేదు.

“నాయిస్ మొదలాయె,” అన్నాడు నా పక్కన కూర్చున్న ముసలాయన.

మోకాళ్ళ పైకి పంచె కట్టిన ఆ మనిషి నోట ఇంగ్లీషు మాట విని ఆశ్చర్యపోయాను. నాకేమీ వినపడడం లేదన్నాను.

“నీకెట్ల ఇనపడతాదప్పా? నేనూ, అదో ముందర కూసున్న నా పెండ్లామూ ముప్పై ఏండ్లు ఆదోని పత్తి మిల్లులో పనిచేసినాం. మధ్యాన్నం సద్ది గంట కొడితేనే మిషన్ల మోత ఆగుతాండె. మిల్లు దొర లోపలికొస్తే సెవులు మూసుకొని ‘నాయిస్, నాయిస్’ అంటాండె. మిల్లు మూసేసినారు గానీ ఆ మోత మా సెవులిడిసి పోలేదు. బయటి మోతకు మనకు శానా మాటలుండాయి. ఎవురికీ ఇనపడని దీనికి యాడుంది మాట? అందుకే దొర మాట పెట్టుకున్యాం.”

ఆయన వేలు మోకాలి మీద లయగా కొట్టుకుంటోంది. ముందు ఆడవాళ్ళ సీట్లో, మాకు వీపు పెట్టి కూర్చున్న ఆయన భార్య తల అదే లయకు ఊగుతోంది. నేను చూస్తుండగానే రెండూ ఒక్కసారే ఆగిపోయాయి.

ఆమె వెనక్కి తిరగకుండానే అంది: “గంట కొట్టిరి. సద్దిమూట ఇప్పు.”