డ్రైవరుగారి పరుగు

ఆర్టీసీలో రిటైరయ్యాక మా వీధి డ్రైవరుగారు విశాఖపట్నం మారథాన్ కోసం పరుగు మొదలుపెట్టారు. మలుపు వస్తే చాలు, బస్సు తిప్పుతున్నట్టే కుడిచేయి బయటికి చాచేవారు.

ఒక మే నెల పొద్దున్న కృష్ణదేవిపేట రోడ్డు మీద ఎండకు తాళలేక ఆయన కూలబడటం చూసి స్కూటరు ఆపాను. నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాను.

"బండెక్కండి డ్రైవరుగారూ, ఇంటికాడ దింపీస్తాను."

"వద్దు బాబూ. ఇన్నేళ్లూ ఈ రోడ్డంతా కూసునే తిరిగాను. ఒక్కపాలైనా కాళ్లతో సూడాలి."

కాసేపటికి లేచి నడిచారు. భయమేసి ఇంటిదాకా ఆయన వెనకాలే వెళ్లాను.

ఆ శీతాకాలం మారథాన్‌లో సగం దూరానికే మోకాలు పట్టేసింది. వ్యానులో ఎక్కించుకొచ్చారట. ఇక పరుగు మానేస్తారనుకున్నాను. మర్నాడు వెళితే మోకాలికి కాపడం పెట్టుకుంటున్నారు.

"ఏటయిందండీ?" అన్నాను.

"సగం అయిపోయింది కదా బాబూ" అన్నారు. "ఇంక మిగిలింది సగవే."