రెండు ముద్దలే తిన్నాను

ఇవ్వాళ పొద్దున ఖమ్మంలో మోకాళ్ల డాక్టరు నన్ను మళ్లీ తూకం మీద నిలబెట్టి, బరువు తగ్గకపోగా ఇంకాస్త పెరిగిందనీ, ఇట్లయితే ఆపరేషన్ మాట మరిచిపొమ్మనీ చెప్పి పంపించేశాడు. ఆ ఆపరేషన్ అయితేనే నేను ఎవరి ఆసరా లేకుండా ఆదివారం చర్చికి నడిచి వెళ్లగలను. లేకుంటే ఈ రెండు గదులే నాకు లోకం, ఎందుకంటే మాకు పిల్లలు లేరు, మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. డాక్టరు దగ్గర పనిచేసే డైటు అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏం తిన్నానో అడుగుతుంది, నేను రోజూ రెండు పుల్కాలూ ఇంత పప్పూ అని చెబుతాను. టీవీ ముందు కూర్చుని ఖాళీ చేసిన సకినాల డబ్బా గురించి గానీ, గిన్నెలో మిగిలిందని పొయ్యి దగ్గరే నిలబడి తినేసిన అన్నం గురించి గానీ నోరు విప్పను. అసలు వాటిని తిండి అనడానికి నాకు నోరు రాదు.

బస్సులో ఇంటికొస్తూ, ఈ అలవాటు నాకెక్కడ అంటుకుందా అని ఆలోచిస్తే ములకలపల్లి అవతల అడవంచు ఊళ్లో నా మొదటి టీచరు ఉద్యోగం గుర్తుకొచ్చింది. మా నాన్న బొగ్గుగనిలో పనిచేసేవాడు. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో పదిమంది మధ్య పెరిగిన నాకు, ఆ ఊళ్లో బడి వదిలాక పొద్దుగూకుతుంటే ఏడుపొచ్చేది. నేను కిరాయికున్న గది ఇంటామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఆమెదీ ఒంటరి బతుకే. గడపలో కూర్చుని, ఏం తిన్నవ్ బిడ్డా అని అడిగేది. మొదట్లో కడుపునిండా తిన్నానని నిజం చెబితే, మంచిదని లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఒకరోజు ఏదో మొహమాటానికి, ఎక్కడ పెద్దమ్మా, రెండు ముద్దలే తిన్నాను అన్నాను. అంతే, అయ్యో, వయసు పిల్లవు, గిట్ల కడుపు మాడ్చుకుంటె ఎట్ల అంటూ చెయ్యి పట్టి తీసుకుపోయి పీట వేసింది, జొన్నరొట్టె చేసింది, అది కాలేలోపు వాళ్ల అత్త పెట్టిన ఆరళ్లన్నీ చెప్పింది.

ఆ తర్వాత ఆమె అడిగినప్పుడు నేను కడుపునిండా తిన్నానని ఎన్నడూ అనలేదు. ఆమె మాత్రం ఏమన్నా తెలివితక్కువదా? ఎండుచేపల పులుసు వాసన గోడ దాటొచ్చింది గని పంతులమ్మ పస్తున్నదట పాపం, అని నన్ను ఏడిపిస్తూనే రెండో రొట్టె వేసేది. తానూ ఇంకా తినలేదనేది, అప్పటికే కడిగి బోర్లించిన ఆమె కంచం నాకు కనబడుతూనే ఉండేది. ఇద్దరం తిన్నవాళ్లమే, ఇద్దరం మళ్లీ తినేవాళ్లం. బదిలీ అయి వచ్చేనాటికి నా జాకెట్లన్నీ బిగుతయ్యాయి, దానికి ఎవరూ బాధపడలేదు.

మన వయసు వాళ్లకు తెలుసు, తక్కువ తిన్నానని చెప్పడమంటే నన్నోసారి లోపలికి పిలవమని అడగడమే. ఈ కాలపు అమ్మాయికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది! నేను రెండు పుల్కాలు అనగానే, సూపర్ మేడం, అట్లనే మెయింటేన్ చెయ్యండి అని ఫోన్ పెట్టేస్తుంది. మెచ్చుకున్నందుకు సంతోషించాలి గానీ, ఆ మాట విన్న ప్రతిసారీ నేను లేచి సకినాల డబ్బా మూత తీస్తాను.

ఇందాక ఆమె మళ్లీ ఫోన్ చేసింది. ఇట్లాగే ఉంటే ఇక చర్చి ముఖం చూడనేమోనన్న భయంతో, ఈసారి సకినాలతో సహా ఒక్కటీ దాచకుండా చెప్పాను. పాపం, కోప్పడలేదు, ఇన్నిరోజులు చెప్పకపోతిరి మేడం అని నొచ్చుకుని, ఏది ఎట్లా తగ్గించుకోవాలో ఓపికగా చెప్పింది. ఎప్పుడు తిన్నారు, ఎంత తిన్నారు అని అన్నీ అడిగింది. ఎవరితో తిన్నారని మాత్రం అడగలేదు. పూర్వం ఆ మాట అడగాల్సిన అవసరమే ఉండేది కాదు, తిన్నావా అని అడిగిన మనిషే పక్కన కూర్చునేది.