ముసుగు మనిషి మనసులో మాట

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంతలోకి కాళ్లు వేలాడేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. కుడివైపు నాయన, ఎడమవైపు నేను. పట్టుచీర ఒంటిది ఒక రంగు, అంచుది ఇంకో రంగు కదా... ఒంటి దారాన్ని అటూ ఇటూ లాక్కెళ్లే నాడె నాయన విసిరేవాడు. ఆ వెంటనే నా వైపు అంచు నాడె నేను తొయ్యాలి. ఆయనొకటి, నేనొకటి. నేను లేచానంటే మగ్గం ఆగినట్టే.

అంతకుముందు ఆ చోట అమ్మ కూర్చునేది. ఆమెకు నడుము పట్టేసి మంచం ఎక్కడంతో, ఐదో తరగతి అయిపోయిన వేసవిలో "కొన్నాళ్లు కూర్చో" అని నన్ను కూర్చోబెట్టారు.

పక్కింటి సుశీల వాళ్లన్న ఏదో వారపత్రిక కొనేవాడు. అందులో రెండు పేజీల బొమ్మల కథ... నల్ల ముసుగు వేసుకునే ఒక మనిషి. రైలును ఒంటిచేత్తో ఆపేవాడు, బండరాళ్లను బంతుల్లా విసిరేవాడు. ముసుగు తీస్తే మాత్రం మామూలు తపాలా బంట్రోతు. "చేతగానోడా" అని కన్నతల్లే తిట్టేది. నిజం చెబితే శత్రువులు ఆమెను చంపేస్తారని నోరు మెదపడు. ఆయన మనసులో మాటలన్నీ తల పైన మబ్బులాంటి గీత గీసి అందులో రాసేవారు. మా సీమలో వానకు రాని మబ్బులన్నీ ఆ పుస్తకంలోకి పోయాయేమో అనుకునేదాన్ని...

ఒకరోజు సుశీల కిటికీలోంచి పేజీలు అందిస్తూ గుసగుసలాడింది.

"మేయ్, ఈ వారం ఆయప్ప పని అయిపోయిందే! చెరువు కట్ట తెగబోతాంటే వీపు ఆనించి నిలబడినాడు. కదిలితే ఊరంతా కొట్టుకపోతాది."

"ఎవురినన్నా పిలవచ్చు కదా?"

"పిలిస్తే ముసుగులో ఉండేది ఎవురో తెలిసిపోదా? నీకు బుర్ర ల్యాదే!"

నాయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు చదివాను. కట్ట కింద ఊళ్లో జనం అరుగుల మీద నవ్వుకుంటూ కూర్చున్నారు. ఆయన తల మీద మబ్బులో మాత్రం, "అలిసిపోయాను... ఒక్క అడుగు పక్కకు వేస్తే?" అని ఉంది. అంత బలం ఉన్నవాడికీ కదలడానికి వీల్లేదా...

ఆ వారంలోనే బడి సార్ మా ఇంటికి వచ్చారు. ఆరో తరగతికి పెద్దబడిలో చేర్చుకునేది మరుసటి రోజే ఆఖరు. ఆ రోజు కోసమే నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉన్నాను... ఎవరికీ చెప్పలేదు.

"ఏమప్పా, పాపను మగ్గానికే కట్టేస్తావా? బాగా సదివే పిల్ల. రేపు దాటితే పేరు రాసుకోరు," అన్నారు సార్.

నాయన తల తిప్పలేదు. "నేనేం వద్దంటినా సార్? పాపనే అడగండి. పోతానంటే పొమ్మంటా."

సార్ నా వైపు చూశారు. లోపల మంచం మీద అమ్మ మూలుగుతోంది. పోతానన్న మాట గొంతు దాకా వచ్చి కూర్చుంది. నేను పోతే ఈ మగ్గం చెక్క మీద ఎవరు కూర్చుంటారు...

"నాకు సదువు ఇష్టం ల్యాదు సార్."

"ఇంత మొద్దువనుకోల్యా," అని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయారు.

మళ్లీ నేత మొదలైంది. ఎంతసేపు నేశామో తెలియదు... అమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి, మగ్గం వైపు చూసి కేక పెట్టింది.

"అయ్యో, అంచు యాడ?"

చూస్తే బెత్తెడు మేర ఒంటి నేత ఉంది... నా వైపు అంచు లేదు. దారాలు దారాలుగానే నిలబడి ఉన్నాయి. నేను నాడె చేతిలో పట్టుకుని కూర్చున్నానే కానీ ఒక్కసారీ తొయ్యలేదు. ఒక్క పోగు తప్పినా పట్టేసే నాయన, అంత మేరా చూసుకోలేదు.

తిడతాడనుకున్నాను. నాయన సూది తీసుకుని ఒక్కో పోగూ విప్పసాగాడు. అమ్మ లోపలికి పోయాక, తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వు అబద్ధం చెప్తావని నాకు తెలుసు పాపా... తెలిసే నిన్ను అడగమంటి."

నేను ఇంకో సూది తీసుకున్నాను. పొద్దు వాలేదాకా ఇద్దరం పోగులు విప్పుతూనే ఉన్నాం. తర్వాతి వారం సుశీల పేజీలు తెస్తే, "వద్దులే మే" అన్నాను.

పెళ్లయి సోమందేపల్లెకు వచ్చి మూడేళ్లయింది. మొన్న పుట్టింటికి పోతే, నాయన మగ్గానికి ఏదో కొత్త ఏర్పాటు చేయించాడు... పక్కన మనిషి అక్కర్లేదట. ఒక్కడే నేస్తున్నాడు. నన్ను చూసి నాడె ఆపాడు.

"ఇది ఆ పొద్దే వచ్చింటే..." అని ఆగిపోయాడు.

"కాఫీ చల్లారిపోతాది నాయనా, తాగు," అన్నాను.

మగ్గాలు మారాయి... మా ఇద్దరి మధ్య ఆ మాట మాత్రం అట్లాగే ఉంది. ఎంతో ఇష్టమైనదాన్ని ఇష్టం లేదని చెప్పి, కూర్చున్నచోటే కూర్చుండిపోయినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి. నేనైతే చెప్పడం ఇదే మొదలు.