గడప మధ్యలో కొత్త సిమెంటు

1958లో నన్ను బళ్ళారి జిల్లా పాత కట్టడాల సర్వేకు డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. పురావస్తు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ కొలతలు తీసి నక్షా గీస్తాడు. కట్టడం వయసు తేల్చే అధికారం సూపరింటెండెంటుది. తెక్కలకోట దగ్గర ఒక పల్లెలో విచారణ గుడి ఉండేది. విచారణ అంటే ఒక ఫాదర్ కింద ఉండే క్రైస్తవ పల్లెల సముదాయం. కొత్త రోడ్డు గీత సరిగ్గా ఆ గుడి మీదుగా పోయింది. గుడి పాతదని తేలితే రోడ్డు పక్కకు తిరుగుతుంది. లేకపోతే గుడి కూలుతుంది.

మా సూపరింటెండెంటు తెల్లటి గోడలు చూసి, జీపు దిగకముందే కొత్త కట్టడమని తేల్చేశాడు. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే ఉపదేశి చిన్నప్ప చేతులు కట్టుకుని, "నిన్న మొన్నటిది సార్. మా నాయిన కట్టిచ్చినాడు" అన్నాడు. గోడల మందం ఒకసారి చూడమని నేనన్నాను.

"నువ్వు గీతలు గియ్యవయ్యా. కాలం సంగతి మేం చూసుకుంటాం" అని సూపరింటెండెంటు అందరి ముందూ నవ్వాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచే ఉద్దేశమూ లేదు.

ఆయన రోడ్డు కాంట్రాక్టరు ఇంటికి భోజనానికి వెళ్ళాడు. నేను కొలతలకు దిగాను. టేపు ఎటు లాగితే ఉపదేశి అటు వచ్చాడు. గడప దగ్గర మాత్రం దాని మీదే నిలబడి కదలనన్నాడు. గట్టిగా అడిగితే జరిగాడు. రాతి గడప మధ్యలో, పళ్ళెమంత మేర, కొత్త సిమెంటు. రాయి చీలి ఉంటే సిమెంటు చీలిక వెంట ఉండాలి. ఉలితో అంచు లేపాను. కింద రాయి అరిగి గుంటపడి నున్నగా ఉంది. తరాల తరబడి కాళ్ళు పడితే తప్ప నల్లరాయి అలా అరగదు.

"ఏందప్పా, దేవుని గుడి గీరుతాండావు?" అంటూ మరియమ్మ అనే ముసలావిడ చీపురుతో వచ్చింది. ఇంత పాత గుడిని కొత్తదని ఎందుకు చెప్పారని అడిగాను.

"పాతదంటే ఎత్తుకపోతారు గదా! ముందొచ్చిన ఆఫీసరుకి మా మామ జ్ఞానస్నానం తొట్టి సూపిచ్చె. శానా పాతదని మురిసిపాయె, బండిలో ఏసుకోని పాయె. నా మనవనికి బకీట్లో ఇచ్చిరి జ్ఞానస్నానం! యాడుండాదప్పా మా తొట్టి?"

బిడ్డలకు బాప్తిస్మమిచ్చే రాతితొట్టి అది. ఎక్కడుందో నాకు తెలియదు. రోడ్డు సంగతి చెప్పాను.

"రోడ్డా? మాకెవురూ చెప్పలేదే సార్!" అన్నాడు చిన్నప్ప.

చెప్పవలసింది మా సూపరింటెండెంటే. ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. అయినా చిన్నప్ప నన్నూ నమ్మలేదు. "మీరూ ఆ ఆఫీసోళ్ళే గదా" అన్నాడు. మరియమ్మే తెగించింది.

"వీళ్ళు ఎత్తుకపోతే రాయి పోతాది. రోడ్డొస్తే గుడే పోతాది. తియ్యి చిన్నప్పా!"

బలిపీఠం ముందు పేడతో అలికిన మట్టిని గడ్డపారతో తీశారు. కింద ఫాదర్ల సమాధి బండలు వరసగా బయటపడ్డాయి. వాటి మీద చెక్కిన సంవత్సరాలు చిన్నప్ప తాతల కాలం కంటే ముందువి. మేమొస్తున్నామన్న కబురు అందగానే సున్నం కొట్టి, గడప గుంట పూడ్చి, బండలు అలికేశారట.

సూపరింటెండెంటు తిరిగొచ్చి, అరిగిన గడపను ఎక్కడినుంచో తెచ్చి వేసి ఉంటారన్నాడు. సమాధులను కూడా తెచ్చారా అని అడిగాను. ఆయన వంగి బండల మీది సంవత్సరాలు తన పుస్తకంలో రాసుకున్నాడు.

నివేదిక ఆయన పేరుతో వెళ్ళింది. నక్షా మూలన నా పొడి అక్షరాలు. రోడ్డు పక్కకు తిరిగింది. తొట్టి కోసం రిటైరయ్యేదాకా అర్జీలు పెట్టాను. శాఖ ఒక్కదానికీ బదులివ్వలేదు.

ఒక కట్టడం వయసు అడగబోయే ముందు, మనకంటే ముందు వచ్చినవాడు అక్కడినుంచి ఏం పట్టుకుపోయాడో కనుక్కోవాలి. నా కింద చేరిన ప్రతి ఉద్యోగికీ మొదట ఇదే చెప్పాను.