హ్యాండిల్ నా చేతిలోనే ఉంది

శుక్రవారం. నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ ముగిసిన వారం. రాత్రి ఏడున్నర. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, అబద్ధాలు రాయడానికి కాదు. ఇది జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

అప్పుడు నేను లారీ డ్రైవర్ని. పాత లారీ... బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితేనే ఇంజను లేచేది. టేక్మాల్ నుంచి మెదక్ దవాఖానాకు పోతున్నాం. వెనుక దర్జీ మస్తాన్ భార్య జైనబ్బీ, నొప్పులతో. బిడ్డ అడ్డం తిరిగింది. పక్కన మంత్రసాని ఎల్లవ్వ. మస్తాన్ గోనెసంచుల కింద దాక్కున్నాడు. ఆ వారం ముసల్మాన్లు దారిలో కనబడటానికే భయపడ్డారు.

మెదక్ ఇంకా రెండు మైళ్లుందనగా... కాలిన వాసన. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపేశాను.

"ఏమైందిరా ఏసూ?" అంది ఎల్లవ్వ.

"ఇంజన్ కాగింది అవ్వా."

"పొయ్యి మీద పెట్టినవా ఏంది? జల్ది నడుపు. పిల్ల ఆగేటట్టు లేదు."

లాంతరు పట్టి చూశాను. ఫ్యాన్ బెల్టు బాగుంది. రేడియేటర్ జాలీలో చెత్త లేదు. కింది మూలన సన్నటి చీలిక. చుక్క... చుక్క... నీళ్లన్నీ కారిపోయాయి. అలాంటి చీలికకు మా డ్రైవర్ల మందు పసుపు. నీళ్లలో కలిపి పోస్తే చీలికలో పేరుకుని మూసేస్తుంది. ఎల్లవ్వ కొంగున పసుపు ఉంది. అడిగాను.

"గది బాలింతకు తెచ్చిన. నీ డొక్కు బండికి గాదు."

"బండి నడవకుంటే బాలింత ఏడికెళ్లి వస్తది అవ్వా?"

"ముందుగాల నీళ్లు తే. అప్పుడిస్త."

హ్యాండిల్ వెంట తీసుకున్నాను. బండి ఎవరూ ఎత్తుకుపోకుండా డ్రైవర్లంతా చేసే పనే అది. మస్తాన్ సంచుల్లోంచి లేచి బకెట్ పట్టాడు. లాంతరుతో రోడ్డుకు దూరంగా ఉన్న వాగులోకి దిగాం.

బకెట్ ముంచుతుంటే... చప్పుడు.

గడ... గడ... గడ...

నా ఇంజనే. ఆ చప్పుడు నాకు తెలియదా!

"భయ్యా, ఎవడో బండి ఎత్తుకపోతుండు! జైనబ్ అండ్లనే ఉన్నది!" అని మస్తాన్ బకెట్ వదిలేశాడు.

ఉరికాం. లారీ ఉన్నచోటే ఉంది. ఇంజను నిదానంగా తిరుగుతోంది. చుట్టూ ఎవరూ లేరు. రేడియేటర్ మూత తీసి ఉంది. లాంతరు దగ్గర పెట్టాను.

నీళ్లు... అంచుదాకా. పచ్చగా. పసుపు వాసన.

"అవ్వా, ఎవరు పోసిండ్రు?"

"నువ్వే గదరా. చీకట్ల వచ్చి హ్యాండిల్ తిప్పితివి, నీళ్లు పోస్తివి, పోతివి. పిలిస్తే పలుకకపోతివి."

"పసుపు నువ్వు ఇచ్చినవా?"

ఎల్లవ్వ కొంగు చూపించింది. ముడి... వేసింది వేసినట్టే ఉంది.

కాగిన ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారి పోస్తే పగులుతుంది. తిరుగుతుండగా కొంచెం కొంచెం పోయాలి. పోసినవాడికి పని తెలుసు. ఆ రోజుల్లో జొన్నచేలల్లో ఎందరో దాక్కునేవారు. వాళ్లలో డ్రైవరూ ఉండవచ్చు. అతని దగ్గర హ్యాండిల్ కూడా ఉండవచ్చు. మరి పసుపు? ఏమో... నాకు తెలియదు.

మూత బిగించి నడిపాను. ఒక్క చుక్క కారలేదు. దవాఖానాలో తెల్లారకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ బతికారు.

ఆ రాత్రి అక్కడ ఉన్నది నేను, ఏసుదాసు. దర్జీ మస్తాన్. అతని భార్య జైనబ్బీ. మంత్రసాని ఎల్లవ్వ. మాలో ఎవరూ ఆ నీళ్లు పోయలేదు.